శాంపిల్ సీసా సంగ్రామము

స్వస్తి! సహస్రకిరణుడు మూడంతస్తుల ఆసుపత్రి నీళ్లట్యాంకు నెత్తికెక్కి కూర్చుండిన వేళ, లిఫ్టు పనిచేయని శుభదినమున, ఫినాయిలు పరిమళ పరివ్యాప్తమైన రెండవ అంతస్తు నడవాలో, గడియారము పదకొండుంబావు చూపుచుండ, గగనవిహార కాంక్షాపరుండును, మేఘమండల భేదన దీక్షాబద్ధుండును, ప్రస్తుతమునకు మాత్రము ప్లాస్టిక్ కుర్చీలో కాళ్లూపుకొనుచున్నవాడును అగు ఒకానొక వీరుని గాథ వినుడు. ఆ వీరుడు నేనే. ఎవరైన నన్ను కీర్తింతురేమోనని ఇరువదినాలుగేండ్లు ఎదురుచూచితిని. ఒక్కరును ముందుకు రాలేదు గనుక సిగ్గు విడిచి నేనే పూనుకొంటిని. ఇకపై ‘అతడు’ అనియే చెప్పెదను. కొంచెము దూరమునుండి చూచిన నేను నయముగా కనబడుదును.

అతని వంశము సామాన్యమైనది కాదు. తాత లారీ నడిపెను. తండ్రి ముప్పదియేండ్లు సిటీబస్సు నడిపి, గతుకులను నడుముతోను, ప్రయాణికుల తిట్లను చిరునవ్వుతోను భరించి విశ్రమించిన సారథిశ్రేష్ఠుడు. అట్టి వంశమున పుట్టి నేలదారి నొల్లక నింగిదారి కోరిన ఈ అంకురమునకు పైలట్ శిక్షణాలయమున సీటు వచ్చినది. ఆరోగ్యపత్రము ఆ సాయంకాలములోగా చేరవలెను, లేనిచో సీటు తరువాతివానికి పోవును. కన్నులు గెలిచినవి, చెవులు గెలిచినవి, గుండె కొంచెము తొట్రుపడి గెలిచినది. మిగిలినది ఒక్క మూత్రపరీక్షయే.

ల్యాబు గవాక్షమునుండి ఒక హస్తము చిన్న సీసాను అందించెను.

“ఈ గీత దాకా నింపి తీసుకురండి, అంతే,” అనెను ల్యాబు అమ్మ. “ఒంటిగంటకి తాళం వేసేస్తాం.”

అంతే! ఆమెకు తెలియని రహస్యమొకటి కలదు. ఆ ఉదయము ఇల్లు కదలకముందే తండ్రి కులవృత్తి ధర్మమును బోధించియుండెను.

“ఒరేయ్, బండెక్కే ముందు ఒంటికెళ్లి రావాలి. దార్లో ఆపడం కుదరదు.”

వెళ్లివచ్చెను. ఆసుపత్రి గేటు చేరగనే తండ్రి మరల, “ఎందుకైనా మంచిది, ఇంకోసారి వెళ్లిరా. లోపల ఎంతసేపు పడుతుందో ఏమో,” అనెను. పితృవాక్య పరిపాలనాదక్షుండగు అతడు మరల వెళ్లివచ్చెను. ఆయుధాగారమును స్వహస్తములతో ఊడ్చి తుడిచి, ఆ తరువాత యుద్ధభూమికి విచ్చేసిన యోధుడు ముల్లోకములలో ఇతడొక్కడే.

బాత్రూము గడియ బిగించెను. సీసా మూత తీసెను. నిలిచెను. ఎదురుగోడపై ముప్పదియారు పలకలుండుట లెక్కించెను. మరల లెక్కించినను ముప్పదియారే. సీసా మాత్రము పూర్ణకుంభ స్వప్నమైనను కాంచక శూన్యకుంభమై వెలవెలబోవుచుండెను. అంతట అతడు కోపావేశ కంపిత కళేబరుడై, పండ్లు పటపట కొరికి ఇట్లనియె:

“ఓరీ క్షుద్రపాత్రమా! గుప్పిట పట్టు నీకు ఇంత పొగరా? రేపు నేను ముప్పదివేల అడుగుల ఎత్తున ఝంఝామారుతముల జుట్టు పట్టి వంచువాడను! పిడుగులు నాకు దారి విడుచును! కాలమేఘములు నా రెక్కల క్రింద దుప్పట్లై పరచుకొనును! అట్టి నా ముందు నోరు తెరచి ‘ఏదీ, పోయుము చూతము’ అని వెక్కిరింతువా? నిలు, నిలు! నీ గీత దాటనిచో నేను సారథివంశజుడనే కాను!”

“ఎవరితోరా మాట్లాడుతున్నావ్ లోపల?” అని తలుపవతలనుండి తండ్రి.

“ఎవరూ లేరు నాన్నా.”

“వచ్చిందా?”

“రాలేదు.”

రెండవ దండయాత్రకు జలబలము సమీకరింపబడెను. తండ్రి కూలరునుండి గ్లాసులు మోయగా, కుమారుడు తొమ్మిది గ్లాసులు పట్టించి, మెట్లు నాలుగుమారులు ఎక్కి దిగెను.  మరల గడియ, మరల మూత, మరల ముప్పదియారు పలకలు. ఇప్పుడు లోపల వరద పోటెత్తుచున్నది గాని, భయమునకు బిగుసుకొన్న గేటు తెరచుకొనదు. నిండు పరీక్షలో మూడు చుక్కలు రాలెను. మూడే.

“బాబూ, పన్నెండూ నలభై అయింది,” అని ల్యాబు అమ్మ కేక.

అప్పుడు వీరుని వీరత్వమంతయు జారిపోయెను. చల్లని గోడకు నుదురానించెను. భయమేసెను, నిజముగా భయమేసెను.

“నాన్నా, నావల్ల కావట్లేదు. సీటు పోతుంది.”



“తప్పు నాదిరా,” అనెను తండ్రి గొంతు. “రెండుసార్లు పంపించింది నేనే కదా.”

 ఆ పిదప తలుపు సందునుండి, మొదట సన్నగా, పిమ్మట ధైర్యముగా, ఒక నాదము వెలువడెను.

“ఇస్స్స్స్స్…”

“నాన్నా! ఏం చేస్తున్నావ్? అందరూ వింటారు!”

“విననీ. చిన్నప్పుడు వాకిట్లో నిలబెట్టి ఇలా అంటేగానీ పోసేవాడివి కాదు. నువ్వు మాట్లాడకు. ఇస్స్స్స్స్…”

నడవాలో ఎవరో కిసుక్కుమనిరి. మరెవరో దగ్గిరి. ముప్పదియేండ్లు నగరమధ్యమున హారను మ్రోగించిన ఆ మహానుభావుడు లెక్కచేయక, తలుపుకు పెదవులానించి, ఊపిరి నిలుపుకొని నిలుపుకొని ఊదుచునే యుండెను. లోపలి వీరునికి సిగ్గు వచ్చెను, నవ్వు వచ్చెను, నవ్వు వెనుక కన్నీరు వచ్చెను, కన్నీటి వెనుకనే, అహో, గేటులు భళ్లున తెరచుకొనగా, తొమ్మిది గ్లాసుల జలవాహిని కనకధారాసారమై ఉరికి, అడుగు కప్పి, సగమెక్కి, గీత చేరి, గీత దాటి, అంచు ముట్టి, ఇక చాలుననినను వినక చాలసేపు ప్రవహించెను.

పన్నెండూ ఏబదియారు నిమిషములకు తలుపు తెరచుకొనెను. మూత సరిగా పట్టదయ్యె, అయిన నేమి! “జరగండి, కాస్త జరగండి,” అని తండ్రి ముందు నడచి దారి చేయుచుండ, నవ్వుచున్న కుర్చీలవారి నడుమ, రెండు చేతులతో సీసా పట్టుకొని వీరుడు వెడలెను.

ల్యాబు అమ్మ కన్నెత్తి చూచి, “సరిపోతుంది. ట్రేలో పెట్టండి,” అనెను.

దిక్కులారా, వినుడు! ముందుముందు మూడువందల ప్రాణములను మేఘములమీదుగా మోయదలచిన ఆ ధీరుడు, నేడు నలభై మిల్లీలీటర్లను నలభై అడుగులు మోసెను. ఒక్క చుక్కయు తొణకలేదు.