పేరు పక్కన సంవత్సరం

ఆ రోజు రేచల్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. తొమ్మిదింటికి రఫీక్ షాపులో వ్యాసం ఇవ్వడం, పదింటికి కాలేజీలో క్లాసు, ఒంటిగంటకి వచ్చి ఫైలు చూసుకుని సాయంత్రం అయిదులోపు పత్రికకి మెయిల్ చేయడం. ఇందులో చెడిపోవడానికి ఏముందని మీరడగొచ్చు. పాపం, ఆమె కూడా అలాగే అనుకుంది.

రేచల్ నరసరావుపేటలో ఒక ప్రైవేటు కాలేజీ లెక్చరరు. మిరప కళ్లాల్లో పనిచేసే ఆడవాళ్ల మీద ఏడేళ్లుగా పీహెచ్‌డీ చేస్తోంది. ఏదైనా పరిశోధన పత్రిక ఆమె వ్యాసాన్ని "పరిశీలనకు తీసుకున్నాం" అని రాసిస్తే తప్ప యూనివర్సిటీవాళ్లు థీసిస్ ముట్టుకోరు. అందుకు గడువు ఈ నెలాఖరు. పత్రికకి పంపడానికి ఆఖరి రోజు ఇవాళే. ఇవాళ తప్పిందంటే ఏడేళ్ల చాకిరీ కృష్ణలో కలిసినట్టే.

పత్రికవాళ్లు చీమ తలకాయంత అక్షరాల్లో పది నియమాలు పంపారు. వ్యాసం ఫలానా పాత తెలుగు ఫాంటులో ఉండాలి, చివర ఆధార గ్రంథాల పట్టికలో రచయిత పేరు, సంవత్సరం, పుస్తకం, అచ్చయిన ఊరు ఉండాలి, ఒకసారి పంపాక మళ్లీ పంపకూడదు. తొమ్మిది నియమాలు రేచల్‌కి కంఠతా వచ్చు. పదోది కాగితం వెనక ఉంది. కాగితం తిప్పి చూసే తీరిక ఆమెకెక్కడిది?

ఆ ఫాంటు ఊళ్లో రఫీక్ దగ్గరే ఉంది. బస్టాండు వెనక సందులో ఇరవై రెండేళ్లుగా కార్డులు వేస్తున్నాడు. పెళ్లి కార్డులు వేసవిలో, పెద్దకర్మ కార్డులు, ముస్లింల నలభయ్యో రోజు చెహ్లుం కార్డులు, చర్చివాళ్ల ఆదరణ కూడిక కార్డులు ఏడాది పొడుగునా. వ్యాసాల గొడవ రఫీక్‌కి తెలియదు. పేర్ల పట్టికంటే మాత్రం మహా జాగ్రత్త మనిషి. "పేర్ల దగ్గరే పీకల మీదికొస్తది మేడమ్, మీరు నిశ్చింతగా పోండి" అన్నాడు. ఆమె నియమాల కాగితం కూడా అతని చేతిలో పెట్టి నిశ్చింతగానే పోయింది.

ఫాంటు మార్చి, పట్టిక దాకా వచ్చి రఫీక్ ఆగిపోయాడు. మొదట మనిషి పేరు. పక్కన బ్రాకెట్లో సంవత్సరం. తర్వాత "మిరప సాగు", "కూలీల జీవితం", "కాలువల చరిత్ర" అని ఏదో ఒకటి. చివర ఊరు. రఫీక్ వేసే కార్డుల్లో మనిషి పేరు పక్కన సంవత్సరం పడిందంటే అర్థం ఒక్కటే. ఆ మనిషి బతికుండగా ఏం పని చేసేవాడో రాశారు, ఏ ఊళ్లో పోయాడో రాశారు. లెక్కపెట్టాడు. యాభై తొమ్మిది మంది. రఫీక్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంత కష్టం గుండెల్లో పెట్టుకుని కూడా ఆ తల్లి నవ్వుతూ వచ్చి ఇచ్చిపోయిందే అనుకున్నాడు.

ఇక చేతనైన మర్యాదంతా చేశాడు. హిందువుల పేర్ల ముందు కీ.శే. పెట్టాడు. ముస్లింల పేర్ల ముందు మర్హూమ్ అని పెట్టాడు. క్రైస్తవుల పేర్ల ముందు "ప్రభువునందు నిద్రించిన" అని చేర్చాడు. ముందు పోయినవాళ్లని ముందు పెట్టి, పట్టిక చుట్టూ నల్ల అంచు కట్టి, పైన రెండు దీపాలు వెలిగించాడు. రేచల్ పేరు రెండుచోట్ల తగిలింది, 2021లో ఒకసారి, 2023లో ఒకసారి. పొద్దున్నే తన బల్ల ముందు నిలబడ్డ మనిషి రెండుసార్లు పోవడమేంటి, ఎవరో గిట్టనివాళ్లు రాసి ఉంటారని రెండూ కొట్టేశాడు. మొదటి పేజీలో "రేచల్, 2025" అని కనబడేసరికి ఒళ్లు జలదరించింది. మొత్తం ఫైలు గాలించి, ఎక్కడ ఆమె పేరుంటే అక్కడ తీసేసి, అప్పుడు ఊపిరి పీల్చుకున్నాడు.

స్టీఫెన్ అనే పేరు దగ్గర చిన్న అనుమానం వచ్చింది. రేచల్ ఫోనెత్తలేదు. వాళ్ల అత్తగారు జ్ఞానమ్మకి చేశాడు.

"పెద్దమ్మా, చానా కష్టం వచ్చిపడింది మీకు. స్టీఫెన్ గారికి సిలువ బొమ్మ వెయ్యమంటారా, పేరొక్కటే చాలా?"

జ్ఞానమ్మ కొడుకు, అంటే రేచల్ భర్త, పేరూ స్టీఫెనే. ఊళ్లోనే రైల్వే స్టేషన్లో ఉద్యోగం. పొద్దున ఉప్మాలో ఉప్పు లేదని అలిగి డ్యూటీకి పోయాడు. ఆమె ఫోను కింద పడేసి పెట్టిన కేకకి వీధి వీధంతా వచ్చింది. చర్చి ఆడవాళ్లు జ్ఞానమ్మని కూడా ఎక్కించుకుని మూడు ఆటోల్లో, కోడలికి కబురు చెప్పడానికి కాలేజీకి బయల్దేరారు. ఆ గుంపుని గేటు దగ్గర చూసిన ప్రిన్సిపాల్ చనిపోయిందెవరని అడగలేదు, అడగడం సభ్యత కాదనుకున్నాడు. బెల్లు కొట్టించి అందరినీ గ్రౌండులో నిలబెట్టి రెండు నిమిషాలు మౌనం అన్నాడు. ఎవరో రిటైరైన మాస్టారై ఉంటారని రేచల్ కూడా తల వంచుకుని భక్తిగా నిలబడింది. మూడో వరసలో పిల్లకాయలు మాత్రం సెలవిస్తారా ఇవ్వరా అని గుసగుసలాడుకున్నారు.

ఇంతలో, ఇంట్లో ఎవరో పోయారని విన్న స్టీఫెన్ డ్యూటీ మధ్యలో బండేసుకుని నేరుగా కాలేజీకి వచ్చాడు. ఎవరని అడిగే ధైర్యం లేక, చర్చి ఆడవాళ్ల వెనక నిలబడి తనూ ఏడవడం మొదలుపెట్టాడు. ఆ ఏడుపు జ్ఞానమ్మకి ఎక్కడో విన్నట్టనిపించి వెనక్కి తిరిగింది.

"ఒరేయ్, నువ్వు ఇక్కడ ఏడుస్తన్నావేందిరా?" అంది. కొడుకుని కావలించుకుంది, వెంటనే వీపు మీద రెండు వేసింది. "పొద్దుటి ఉప్మాలో ఉప్పు సరిపోయిందిరా, నీ నోరే బాలేదు" అని మళ్లీ ఏడ్చింది. తర్వాత ఆ ఫోను ఎక్కణ్నించి వచ్చిందని జ్ఞానమ్మని కూపీ లాగితే రఫీక్ పేరు బయటపడింది.

మూడు ఆటోలూ బస్టాండు వెనక సందులో ఆగాయి. రేచల్ స్క్రీన్ మీద దీపాలు చూసింది. కీ.శే.లు చూసింది. తన పేరు కోసం వెతికింది. ఒక్కచోటా లేదు.

"ఫైలు ఇలాగే ఉంచు రఫీక్ అన్నా, నేను సరిచేసుకుంటా."

"పంపేశా మేడమ్. ఇట్టాంటి కబురు ఆలస్యం చెయ్యకూడదు. అడ్రెస్సు మీ కాగితంలోనే ఉందిగా. బాధతో కబురు పంపేది మీరేనని మెయిల్లో మీ పేరూ ఫోను నంబరూ రాశా."

ఒకసారి పంపాక మళ్లీ పంపకూడదు. రేచల్ స్టూలు మీద కూలబడి, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. ఏడుస్తూనే పట్టిక మళ్లీ చూసింది. పదకొండో పేరు దగ్గర ఏడుపు కూడా ఆగిపోయింది. "ప్రభువునందు నిద్రించిన ఆరోగ్యస్వామి, 1984." ఆరోగ్యస్వామి అంటే ఆ పత్రిక సంపాదకుడు. ఇప్పుడా ఫైలు తెరిచి చదివేది ఆయనే. విషయం అప్పటికి అర్థమైన రఫీక్ చెవులు పట్టుకుని, కావాలంటే ఆయన ఊరెళ్లి కాళ్లు పట్టుకుంటానన్నాడు. ఆ పనొక్కటీ చెయ్యొద్దని రేచల్ చేతులు జోడించింది.

నాలుగు రోజులు ఆమె అన్నం సరిగా తినలేదు. అయిదో రోజు ఫోన్ మోగింది. అవతల నెమ్మదైన ముసలి గొంతు.

"రేచల్ గారా? నేను ఆరోగ్యస్వామిని. బాగానే ఉన్నాను."

రేచల్ ఫోను పట్టుకునే లేచి నిలబడింది. ఆయనే చెప్పుకుపోయాడు. ఈసారి పంతొమ్మిది వ్యాసాలు వచ్చాయట. రచయిత ఎవరో పరిశీలకులకి తెలియకూడదు, అందుకని రచయిత పేరు వ్యాసంలో గానీ పట్టికలో గానీ ఎక్కడా ఉండకూడదన్నది పదో నియమమట. దాన్ని పాటించిన వ్యాసం ఒకే ఒక్కటి. మిగతా పద్దెనిమిదీ తిప్పి పంపేశారట.

"మీది పరిశీలనకు తీసుకున్నాం. ఉత్తరం ఇవాళ వస్తుంది. ఆ దీపాలు, అంచు తీసేసి పట్టిక అకారాదిలో పెట్టండి. నా సంగతి మార్చకపోయినా ఫరవాలేదు. 1984లోనే సంపాదకుణ్ని అయ్యాను, అప్పట్నించి ఈ వ్యాసాలు చదువుతూ నిద్రపోతూనే ఉన్నాను."

రేచల్ ఈసారి సంతోషంతో ఏడ్చింది. జ్ఞానమ్మ ఉప్మా చేసింది, స్టీఫెన్ ఉప్పు మాట ఎత్తకుండా తిన్నాడు. రఫీక్‌కి మాత్రం ఒక బాధ మిగిలిపోయింది, అంత అందంగా వచ్చిన అంచు తీసేయాల్సి వచ్చిందే అని.

తర్వాతి సంచికలో పత్రిక నియమాలు పదకొండయ్యాయి: పేరు పక్కన వేసే సంవత్సరం పుస్తకానిది, మనిషిది కాదు.