కుర్చీగారి ఎనిమిది పరుగులు

ఇల్లు కూలినా ఆయన లేవడని ఆ వీధిలో అందరికీ గట్టి నమ్మకం. ఇన్సూరెన్సు ఆఫీసు నుంచి రావడం, పడక్కుర్చీలో వాలడం, అంతే ఆయన దినచర్య. ఇరవై ఏళ్ళుగా ఆయన నడుం పడీపడీ ఆ కుర్చీ గుడ్డలో పడిన గుంటలో ఇంకెవరూ ఇమడరు. అందుకే ఆయన పేరు కుర్చీగారు.

ఆయన భార్య బడిలో ఆటల టీచరు. మెడలో ఎప్పుడూ ఈల వేలాడుతుంటుంది కాబట్టి ఆవిడ ఈలమ్మగారు. ఈ ఇద్దరికీ ముడిపెట్టిన పెద్దలెవరో కనబడితే అడుగుదామని వీధివాళ్ళు ఇప్పటికీ ఎదురుచూస్తున్నారు.

"గుండె ఇప్పటికి బాగానే ఉంది. కానీ కొలెస్ట్రాల్ పెరిగింది, ఇలాగే కూర్చుంటే కష్టం" అని డాక్టరు అన్న సాయంత్రమే ఈలమ్మ జీపీఎస్ వాచీ కొనుక్కొచ్చింది.

"అరనిమిషం పరుగు, తర్వాత కాసేపు నడక. మళ్ళీ పరుగు. అలా ఎనిమిది సార్లు. మీరెక్కడున్నారో, ఎంత జోరుగా పోతున్నారో అన్నీ నా ఫోన్‌లో కనిపిస్తాయి."

"నేనేమన్నా జైల్లోంచి పారిపోయిన ఖైదీనా?"

"ఖైదీ నయం, కనీసం పరుగెత్తుతాడు. ఈ వారంలో ఒక్కరోజు ఎగ్గొట్టినా మీ కుర్చీ ఇంట్లో ఉండదు."

కుర్చీగారు కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకున్నాడు. తను లేని ఇల్లు ఊహించగలడు గానీ కుర్చీ లేని ఇల్లు ఊహించలేడు.

మర్నాడు పొద్దున్న మొదటి పరుగుకే కళ్ళు బైర్లు కమ్మాయి. పార్కు గోడ పట్టుకుని రొప్పుతుంటే చెత్తబండి వచ్చింది. ఓ గేటు దగ్గర ఆగింది. బుట్ట ఖాళీ కాగానే రయ్యిన దూకి ఇంకో గేటు దగ్గర ఆగింది. మళ్ళీ దూకింది, మళ్ళీ ఆగింది. కుర్చీగారు నోరు వెళ్ళబెట్టాడు. ఈలమ్మ చెప్పిన పాఠం నాలుగు చక్రాల మీద పోతోంది!

"బాబూ, ఈ వాచీ చేతికి పెట్టుకుని నీ వీధులు తిరిగొస్తావా?"

డ్రైవరు వాచీనీ ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. "టైం చూసుకోవచ్చా సార్?"

"ఎంత కావాలంటే అంత చూసుకో. ఎవరికీ చెప్పకు."

ఆ రోజు నుంచి బండి పరుగెత్తింది, కుర్చీగారు పార్కు బెంచీ మీద కునుకు తీశాడు. వాచీ తిరిగి రాగానే కుళాయి కింద తలపెట్టి, కావలసినంత చెమట తెచ్చుకుని ఇల్లు చేరేవాడు.

"ఏమండీ, ఇదేం జోరు! మా బళ్ళో పిల్లలు కూడా ఇలా పరుగెత్తరు," అంది ఈలమ్మ ఫోన్ చూస్తూ.

"ఇన్నాళ్ళూ దాచి పెట్టుకున్నా."

"మరి గేటు గేటుకీ ఆగారెందుకు?"

"పలకరిస్తారే! ఆగకపోతే మర్యాదేనా?"

"పళ్ళడాక్టరు గారి గేటు దగ్గర మరీ అంతసేపా?"

వాళ్ళింట్లో చెత్త ఎక్కువ అనబోయి నాలిక్కరుచుకున్నాడు. "పన్ను చూపించుకున్నా."

ఆవిడ మరేమీ అనలేదు. ఆవిడ ఊరుకుంటే భయపడాలని ఇరవై ఏళ్ళ కాపురంలో నేర్చుకున్నవాడే. కానీ మెచ్చుకోలు తలకెక్కి ఆ సంగతి మర్చిపోయాడు.

వారంలో ఆఖరి రోజు డ్రైవరు వాచీ తెచ్చిచ్చి, ఆయన వంక జాలిగా చూశాడు. "మీ వీధి ఇవాళ ఆఖర్న పెట్టుకున్నా సార్. వస్తా."

కుర్చీగారు వాచీ పెట్టుకున్నాడు, తల తడుపుకున్నాడు, ఇక కుర్చీకి ఢోకా లేదనుకుంటూ వీధి మలుపు తిరిగాడు. తిరిగినవాడు తిరిగినట్టే కొయ్యబారిపోయాడు.

తన గేటు ముందు చెత్తబండి. బండి మీద, బుట్టల మధ్య, కాళ్ళు ఆకాశానికి ఎత్తుకుని, తన పడక్కుర్చీ!

"ఆపవయ్యా! అది చెత్త కాదు! నా కుర్చీ!"

బండి కదిలింది.

కుర్చీగారు పరుగెత్తాడు. చెప్పు ఒకటి మురిక్కాలవలో పడింది, రెండోది ఎక్కడ పడిందో ఆయనకే తెలియదు. బండి పక్క గేటు దగ్గర ఆగింది. హమ్మయ్య అని రొప్పుతూ చెయ్యి చాచేసరికి మళ్ళీ రయ్యిమంది. మళ్ళీ పరుగు, మళ్ళీ రొప్పు. గేట్ల దగ్గర బుట్టలు పట్టుకున్నవాళ్ళు పట్టుకున్నట్టే ఉండిపోయారు. రోజూ అందరి నోళ్ళూ తెరిపించే పళ్ళడాక్టరు ఇవాళ తన నోరే మూయడం మర్చిపోయాడు.

ఎనిమిదో గేటు దగ్గర బండి ఇంజను ఆగింది.

"దించుకోండి సార్. ఎనిమిదో గేటు దాకా పోనిమ్మన్నారు అమ్మగారు."

"ఏ... ఏ అమ్మగారు?"

వెనక నుంచి ఈల వినిపించింది. ఈలమ్మ ఫోన్ చూసుకుంటూ తీరిగ్గా నడిచొస్తోంది.

"ఎనిమిది పరుగులు. గుండె దడదడ. ఇదండీ మీ పరుగు!"

"నీకు... ఎప్పుడు... తెలిసిందే?"

"మొదటి రోజే. మనిషేమో గుర్రంలా పోతున్నాడు, గుండేమో కుర్చీలో కూర్చున్నట్టు నింపాదిగా కొట్టుకుంటోంది. అది కూడా చూపిస్తుందండీ ఆ వాచీ! మీరే చెబుతారేమోనని వారం ఆగాను." ఆవిడ ఫోన్ దించింది. "డ్రైవరు గుండె బాగుంది, సంతోషం. నాకు కావలసింది మీ గుండె కదా. మీకేమవుతుందోనని నాకు కంటిమీద కునుకు లేదు."

కుర్చీగారికి తల ఎత్తబుద్ధి కాలేదు. వీధి మధ్యలో దించిన కుర్చీలోనే కూలబడ్డాడు.

"తప్పయిపోయిందే. ఇక దీన్ని ఇంటికి తీసుకెళ్ళనిస్తావా?"

"అయ్యో, తప్పకుండా. మీ కుర్చీ మీదే."

ఆయన ప్రాణం కుదుటపడింది. కళ్ళు మూసుకుని ఇలా వెనక్కి వాలాడో లేదో, చెవిలో డ్రైవరు మాట పడింది.

"అమ్మగారూ, రేపు కుర్చీ ఎన్నింటికి ఎక్కించమంటారు?"