రోజుకో మొదటి రోగి

"సెక్టర్ 7లో మత్తుకు అలవాటుపడిన మనిషి ఒక్కడంటే ఒక్కడు లేడని గర్వంగా ప్రకటిస్తూ, అట్టివారి చికిత్స కోసం మన కార్పొరేటర్ త్రినాథరావు గారు మన సెక్టర్లోనే మెథడోన్ మందు కేంద్రాన్ని తెరిపిస్తున్నారు. కావున యావన్మందీ విచ్చేసి వినియోగించుకోవలెను."

భిలాయి వీధుల్లో, ఆటోకు కట్టిన మైకులో ఈ మాటలు తెలుగులో ఒకసారి, హిందీలో రెండుసార్లు వినిపించాయి. హిందీలో ఇంకా గంభీరంగా ఉన్నాయి. జనం విని, ఇందులో తప్పేముందన్నట్టు ఎవరి పనుల్లోకి వాళ్లు వెళ్లిపోయారు. త్రినాథరావు గారి ప్రకటనల్లో మొదటి సగమూ రెండో సగమూ ఎన్నడూ ఒకదాన్నొకటి పలకరించుకోవు. కిందటేడు ఆయనే సెక్టర్ని మత్తురహితంగా ప్రకటించి, కూడలిలో బోర్డు పాతించి, రాజధానికి వెళ్లి శాలువా కప్పించుకొచ్చారు. ఈ ఏడు ఆరోగ్యశాఖ మత్తు వైద్యకేంద్రం ఇస్తానంటే దాన్ని పక్క వార్డుకు పోనిస్తారా? రెండు మేళ్లూ ఒకే సెక్టరుకు జరగకూడదని రాజ్యాంగంలో ఎక్కడా లేదు.

ఆటో వెళ్తున్నప్పుడు భాగ్యరేఖ వరండాలో బట్టలు ఆరేస్తోంది. విన్నది విన్నట్టే, చేతిలో తడిచొక్కాతో లోపలికి పరిగెత్తింది.

భాగ్యరేఖ బీయస్సీ చదివిన పిల్ల. విజయనగరం నుంచి కొత్తకోడలిగా వచ్చింది. భిలాయిలో ఆమెకు అన్నీ ముద్దుగానే కనిపించాయి. సైరన్ మోగగానే వీధంతా సైకిళ్లు కదలడం ముద్దు. పాలవాడు ‘భాభీ’ అని పిలవడం ముద్దు. మావగారికి స్టీలు ప్లాంటువాళ్లిచ్చిన క్వార్టర్లో వంటింటి కిటికీకి గడియ పడకపోవడం కూడా ముద్దే. భర్త సత్యప్రసాద్ సంగతి చెప్పనక్కర్లేదు. అతను హథ్‌ఖోజ్‌ పారిశ్రామికవాడలో ఒక చిన్న యూనిట్లో లేత్ మెషిన్ మీద పనిచేస్తాడు. పెళ్లికి ముందెప్పుడో నడుం పట్టేస్తే ఎవరో స్నేహితుడు కాస్త బ్రౌన్ షుగర్ మత్తుపొడి పీల్పించాడు. నడుంనొప్పి పోయింది, పొడి మాత్రం పోలేదు. సంగతి తెలిసిన రోజున భాగ్యరేఖ ఒక పూట ఏడ్చింది. రెండో పూట, దీనికి డాక్టరెక్కడ ఉంటాడని అడిగింది. అప్పటి నుంచీ ఆమె కోరిక ఒక్కటే. మొగుడు పెళ్లి ఫొటోలో నవ్వినట్టు మళ్లీ నవ్వాలి, పెట్టిన అన్నం పెట్టినట్టు తినాలి.

కేంద్రానికి వేసిన డాక్టరు రాజశ్రీ. భిలాయిలోనే పుట్టి పెరిగిన తెలుగమ్మాయి, తెలుగు వెతుక్కుని మాట్లాడుతుంది. సత్యప్రసాద్‌ని పరీక్షించి, రక్తపోటూ గుండె తీరూ చూసి, ఈ మందుకు ఇతను సరైన మనిషేనంది. ఆస్పత్రిలో పడుకోనక్కర్లేదు, పని మానక్కర్లేదు. రోజూ వచ్చి, కొలిచిచ్చిన మందు ఆవిడ ఎదుటే తాగి వెళ్లిపోవడమే. మొదటిరోజు కొంచెమే ఇచ్చి కొన్ని గంటలు కూర్చోబెట్టి చూస్తారు. తర్వాత మెల్లమెల్లగా పెంచుతారు. బాగానే ఉన్నాను కదా అని నడుమ మానేస్తే మళ్లీ మొదటికొస్తుంది. భాగ్యరేఖ అన్నిటికీ బుద్ధిగా తలూపి, నడుమ ఒకసారి నవ్వింది కూడా. రోజూ ఇద్దరూ కలిసి నడిచి రావచ్చన్నమాట.

అయితే కేంద్రం తాళంచెవి డాక్టరు దగ్గర లేదు. త్రినాథరావు గారి పీఏ లక్ష్మీప్రసాద్ దగ్గర ఉంది. అతను సత్యప్రసాద్ అడ్రసు అడిగి, విని, జాలిగా చూశాడు.

"సెక్టర్ 7లో పేషెంటు లేడని మేం చెప్పాం. ఉన్నానని ఈయన చెప్తన్నాడు. గవర్నమెంటు ఎవరి మాట నమ్మాలమ్మా?"

"ఆయన వణుకుతున్నారండి."

"చలికదా మరి," అన్నాడు లక్ష్మీప్రసాద్. అది ఏప్రిల్ నెల.

ఇలా సెక్టర్ ప్రతిష్ఠ కాపాడుకున్న మర్నాడే త్రినాథరావు గారికి పెద్ద చిక్కొచ్చి పడింది. ప్రారంభోత్సవానికి మంత్రిగారు వస్తున్నారు. మొదటి రోగికి మొదటి మోతాదు తన చేతులతోనే ఇస్తానన్నారు. రోగి ఏడీ? పక్క వార్డుల కార్పొరేటర్లను అప్పు అడిగితే, మా రోగుల్ని మేం మా దగ్గరే వాడుకుంటామన్నారు. అప్పుడు పార్టీ కార్యకర్తలు ముందుకొచ్చారు. ఒకడు ఆవులించడం ప్రాక్టీసు చేశాడు. ఒకడు ముక్కు తుడుచుకోవడంలో పేరు తెచ్చుకున్నాడు. డాక్టరు రాజశ్రీ మాత్రం ఎవరినీ దగ్గరికి రానివ్వలేదు. అలవాటు లేనివాడు ఈ మందు తాగితే ఊపిరే ఆగిపోవచ్చంది. మూత్రపరీక్షలో కార్యకర్తలందరూ మంచివాళ్లని తేలింది. పార్టీ చరిత్రలో ఇంత అవమానం ఎప్పుడూ జరగలేదు.

"ఏటోయ్ లక్ష్మీప్రసాదూ," అన్నారు త్రినాథరావు గారు, సోఫాలో కూలబడి. "ఇంత పెద్ద సెక్టర్లో నాకోసం ఒక్కడు పాడవలేదేటి?"

ఆ మాట ఊరంతా తిరిగి కొళాయి దగ్గర భాగ్యరేఖ చెవిన పడింది. బిందె అక్కడే వదిలేసి తిన్నగా ఆయనింటికి వెళ్లింది. మా ఆయన రోగి వేషం వేస్తారు బాబాయ్ గారూ, అంది. ఆయన అనుమానంగా చూశారు.

"సెయ్యగలడా?"

"చెమట కూడా పడుతుందండి."

డాక్టరు పరీక్షలో సత్యప్రసాద్ నెగ్గాడు. త్రినాథరావు గారు లేచి అతని భుజం తట్టారు. మూత్రం సైతం నటించగల మనిషిని ఆయన రాజకీయ జీవితంలో చూడటం అదే మొదలు. ఊరు అడిగితే సెక్టర్ 7 అనొద్దని, పక్కనున్న ఉతై అని చెప్పమన్నారు. ఓవర్ యాక్షన్ వద్దన్నారు.

ప్రారంభోత్సవం రోజున మంత్రిగారు యథావిధిగా ఆలస్యంగా వచ్చారు. డాక్టరు చెప్పినట్టు సత్యప్రసాద్ ముందురోజు నుంచీ పొడి ముట్టలేదు. ఒళ్లు గగుర్పొడుస్తోంది, కళ్లూ ముక్కూ కారుతున్నాయి, కాళ్లు ఒకచోట నిలవట్లేదు. ముందు వరసలో జనం చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఒక రిటైర్డ్ ఫోర్‌మన్, నాటక సమాజం రోజుల తర్వాత ఇంతటి నటన చూడలేదని కళ్లు తుడుచుకున్నాడు. భాగ్యరేఖ మాత్రం భర్త చెయ్యి వదల్లేదు.

మంత్రిగారు రిబ్బను కత్తిరించి, డాక్టరు కొలిచిచ్చిన గ్లాసు అందించారు. సత్యప్రసాద్ తాగాడు. గ్లాసు ఇంకా అతని చేతిలో ఉండగానే ఎలా ఉందని మంత్రిగారు హిందీలో అడిగారు. ఇంకా ఏమీ తెలియట్లేదన్నాడు సత్యప్రసాద్. ఇతనికి పూర్తిగా నయమైపోయిందని మైకులో ప్రకటించారు. మెడలో బంతిపూల దండ వేశారు. ఆ వెంటనే కుర్చీలు, షామియానా, మంత్రిగారు వరసగా వెళ్లిపోయారు.

డాక్టరు ఊరుకోలేదు. అతన్ని మెట్ల మీద కూర్చోబెట్టి, మధ్యమధ్య వచ్చి ఊపిరీ కళ్లూ చూస్తూనే ఉంది. ఎండ వాలేసరికి అతని కాళ్లు నెమ్మదించాయి. మొహంలో ముడి విడింది.

"ఆకలేస్తంది రేఖా," అన్నాడు.

పెళ్లిలో పురోహితుడు చదివిన మంత్రాలన్నీ కలిపినా ఈ మాటంత బాగాలేవనిపించింది భాగ్యరేఖకు.

మర్నాడు ఇద్దరూ చేతులు పట్టుకుని వచ్చేసరికి కేంద్రానికి తాళం ఉంది. నయమైన మనిషికి మళ్లీ మందిస్తే మంత్రిగారిని అవమానించినట్టేనన్నాడు లక్ష్మీప్రసాద్. డాక్టరు హిందీలో అరిచింది, తెలుగులో బతిమాలింది. ఇవాళ మందు పడకపోతే రాత్రికల్లా అతను పొడి కోసం వెళ్తాడంది. లక్ష్మీప్రసాద్ రెండు భాషల్లోనూ తల అడ్డంగా ఊపాడు.

భాగ్యరేఖ ఆలోచించింది. భిలాయి సంగతి ఆమెకు కొత్తే అయినా, కొత్తవాళ్లకే కొన్ని కనిపిస్తాయి. ప్లాంటు కట్టడానికి దేశంలోని అన్ని వైపుల నుంచీ జనం వచ్చారు. ఎవరి సమాజ్ వాళ్లది, ఎవరి పూజ పందిరి వాళ్లది. ఒకరు ప్రారంభించినదాన్ని ఇంకొకరు ప్రారంభమైనట్టు ఒప్పుకోరు. మొన్నీమధ్య ఒక బస్ షెల్టరును వరసగా నాలుగు సమాజ్‌లు ప్రారంభించాకగానీ కింద నిలబడటానికి ఎవరికీ మనసొప్పలేదు.

ఆమె త్రినాథరావు గారింటికి నడిచింది.

"బాబాయ్ గారూ, నిన్న స్టేజీ మీద బెంగాలీ సమాజ్ వాళ్లెవరూ లేరండి. బాధపడుతున్నారేమో."

త్రినాథరావు గారు తాగుతున్న టీ కింద పెట్టారు. బెంగాలీ సమాజ్ ఓట్లు ఆయనకు నిద్రలో కూడా కంఠతా వచ్చు. ఆ పూటే బెంగాలీ సమాజ్ అధ్యక్షుల వారు రిబ్బను కత్తిరించారు. మొదటి రోగి మందు తాగాడు. అది విని ఒడియా సమాజ్ అలిగింది. మర్నాడు వాళ్లు. ఆ తర్వాత మలయాళీలు, మరాఠీలు, ఉత్కళ మహిళా మండలి. తర్వాత ఒక యూనియన్, తర్వాత దాని మొహం చూడని ఇంకో యూనియన్. రోజూ రిబ్బను, రోజూ మొదటి రోగి, రోజూ నయమవడం. మొదటి రోగి ఒకరోజు ఉతై నుంచి వచ్చేవాడు, ఒకరోజు దుర్గ్ నుంచి, మహిళా మండలి నాడు మాత్రం ఎక్కడో అడవి నుంచి. డాక్టరు రాజశ్రీ ఏ ఉపన్యాసమూ వినకుండా, చూసి చూసి మోతాదు కొంచెం కొంచెం పెంచుకుంటూ పోయింది.

సత్యప్రసాద్ మళ్లీ పనికి వెళ్తున్నాడు. బుగ్గలొచ్చాయి. పప్పులో ఉప్పు తగ్గిందని ఒకరోజు సణిగితే, భాగ్యరేఖ సంతోషం పట్టలేక మర్నాడు కూడా ఉప్పు తగ్గించి వేసింది.

కానీ కళాకారుడికి పతనం తప్పదు. త్రినాథరావు గారు ఒకరోజు అతన్ని పక్కకు పిలిచారు.

"ఏటయ్యా, రోజురోజుకీ నీ యాక్టింగ్ పాడైపోతంది. చెమట లేదు, వణుకు లేదు. నిన్న ఆ రెండో యూనియన్ ముందు నవ్వేవట."

సత్యప్రసాద్ మళ్లీ నవ్వాడు. అదీ ఆయనకు నచ్చలేదు. రేపటి నుంచి కొత్త ఆర్టిస్టుని పెట్టమని లక్ష్మీప్రసాద్‌కు చెప్పేశారు. ఆ మాట వీధంతా పాకింది.

ఆ రాత్రి భాగ్యరేఖ వీధితలుపుకు తాళం వేసి, చెవి కొంగున ముడేసుకుంది. ఇప్పుడిప్పుడే నిలబడ్డ మనిషి. మందు ఆగితే పొడి ఎక్కడ దొరుకుతుందో అతని కాళ్లకు ఇంకా గుర్తే. మర్నాడు పొద్దున్నే, కాళ్లావేళ్లా పడైనా సరేనని భర్తను వెంటబెట్టుకుని బయల్దేరింది.

కేంద్రం ముందు వరస ఉంది. జనం గేటు దాటి, రోడ్డు మలుపు దాటి నిలబడ్డారు. కొందరి పక్కన పెళ్లాలు, కొందరి పక్కన తల్లులు. అందరూ రోగి వేషానికే వచ్చామన్నారు. అందరూ సెక్టర్ 7 వాళ్లే. అందరికీ చెమట పడుతోంది, అందరి కాళ్లూ ఆడుతున్నాయి.

త్రినాథరావు గారు కారు దిగి, వరస పొడుగునా నడుచుకుంటూ ఒక్కొక్కరి మొహమూ చూసి మురిసిపోయారు. మన సెక్టర్లో ఇంత టాలెంటు దాగుందని తెలియనే తెలియదన్నారు. సెక్టర్ని కళాకారుల సెక్టర్‌గా ప్రకటించే ఆలోచన కూడా వచ్చింది. ఆ ఆలోచన చెప్తూ చెప్తూ, వరసలో ఒకచోట ఆగిపోయారు.

అక్కడ ఆయన పెద్దకొడుకు రవిశంకర్ నిలబడి ఉన్నాడు. పార్టీ యువజన విభాగం కార్యదర్శి. చొక్కా వీపుకు అంటుకుపోయింది. ముక్కు కారుతోంది, తుడుచుకోవట్లేదు. పక్కన అతని తల్లి. ఆవిడ త్రినాథరావు గారి వైపు చూడలేదు.

త్రినాథరావు గారు డాక్టరు దగ్గరికి వెళ్లి, మైకు లేని గొంతుతో అడిగారు.

"ఈ వేషం ఎన్నాళ్లు కట్టాలమ్మా?"

"ఏడాది అనుకోండి అంకుల్. ఎక్కువే పట్టొచ్చు. రోజూ రావాలి. ఇదివరకు వచ్చినవాళ్లని ఆపకూడదు, కొత్తవాళ్లని పంపెయ్యకూడదు."

ఆయన వరస వైపు చూశారు. వరసలో నవ్వుతున్న మనిషి సత్యప్రసాద్ ఒక్కడే. పక్కన అతని చెయ్యి పట్టుకుని భాగ్యరేఖ, లెక్కలోంచి తీసేస్తారేమోనని ఆయన్నే చూస్తోంది.

"లక్ష్మీప్రసాదూ," అన్నారు త్రినాథరావు గారు. "రిబ్బను ముక్కలుగా కొనడం మానీ. ఏడాదికి సరిపడా తాన్లు తెప్పించు."