ముగ్గుబుట్ట బొమ్మ

ఆ ఆదివారం పొద్దున అనుకున్నది చిన్న పనే. ప్రింటింగ్ ప్రెస్సు మూసేసి ఇంటిపట్టున ఉంటున్న మామగారు, ముప్పై ఏళ్ల క్రితం ప్రెస్సుకు మొదటి కంప్యూటర్ వచ్చిన కొత్తలో, దానిమీదే చుక్క పక్కన చుక్క పెట్టి భార్య బొమ్మ గీశారు. ఎవరికీ చూపించలేదు. ఇప్పుడు దాన్ని ఫ్రేము కట్టించి, చెల్లెలి ఇంటినుంచి సాయంత్రం వచ్చే ఆవిడ చేతిలో పెట్టాలి. ఇన్నేళ్లలో ఆయన ఆవిడకిచ్చిన కానుకలు కుక్కరుతో మొదలై దాని గాస్కెట్టుతో ఆగిపోయాయి మరి.

ఆ పాత ఫైలును ఇప్పటి కంప్యూటర్ గుర్తుపట్టలేదు. కోడలి ఉద్యోగమే రస్ట్ భాషలో ప్రోగ్రాములు రాయడం. "చుక్కకో ఒకటో సున్నానో, అంతే కదా మామయ్యా, గంటలో చదివించేస్తా," అంది.

గంటలో ప్రింటు వచ్చింది. వెనకంతా కటిక నలుపు, జుట్టు తెలుపు.

"కరెంటు పోయినప్పుడు కూర్చున్నట్టుందేంటమ్మా? తలేమో ముగ్గుబుట్ట."

"ఒకటంటే తెలుపనుకున్నా మామయ్యా."

"సిరా పడితేనే కదమ్మా ఒకటి. పడకపోతే ఉత్త కాగితమేగా."

కోడలు ప్రింటును బల్లమీద పడేసి ప్రోగ్రాము దిద్దింది. ఈసారి తెరమీద రంగులు కుదిరాయి గానీ, దిద్దడంలో వరుసల లెక్క తప్పి, ఒక్కో వరుసా పక్కకు జరిగి ముక్కు వెళ్లి చెవి దగ్గర తేలింది. పాత ఫైలులో ప్రతి వరుసనూ ఎనిమిదేసి చుక్కల లెక్కకు సరిపెట్టడానికి చివర కలిపిన ఖాళీ చుక్కలను కూడా ఆమె బొమ్మలో కలిపేసింది.

"మేమూ ప్రెస్సులో అక్షరాలు పేర్చి లైను చివర ఖాళీలు బిగించేవాళ్లం. కానీ వాటిని అచ్చేసేవాళ్లం కాదు," అన్నారు మామగారు.

ఈలోగా బజారుకు బయల్దేరిన కొడుకు బల్లమీద కాగితం చూసి, ఫ్రేముకివ్వాల్సింది ఇదే కాబోలని పట్టుకుపోయాడు.

కోడలికి పంతం పెరిగింది. ఖాళీలు తీసేసి, బాగైన బొమ్మను అదే ఫైలులో రాసెయ్యమని ప్రోగ్రాముకు చెప్పింది. తొందరలో, ఫైలును చదవడానికంటే ముందే రాయడానికి తెరిచింది. రాయడానికి తెరవగానే ఫైలులో ఉన్నదంతా తుడిచిపెట్టడం ఆ ప్రోగ్రాము పద్ధతి. చదవడానికి వెళ్లేసరికి అక్కడ మిగిలింది సున్నా.

"మీ దగ్గర ఇంకో కాపీ ఉంది కదా మామయ్యా?"

"నువ్వు తీసుకున్నావనుకున్నా. నేనెప్పుడూ కట్ చేసి పేస్టు చేస్తానమ్మా. జీవితమంతా కాపీలే అచ్చేశా, ఇదొక్కటైనా ఒక్కటే ఉండాలనుకున్నా."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "పదకొండు రోజులు పట్టింది. రోజూ భోజనానికి ఆలస్యమే. ఎవర్ని చూస్తూ కూర్చున్నారని మీ అత్తయ్య ఒకటే అలక. నిన్నేనని చెప్పలేకపోయా."

బల్లమీద చూస్తే ఆ ముగ్గుబుట్ట ప్రింటు కూడా లేదు. కోడలికి ఏడుపొక్కటే తక్కువ.

సాయంత్రం కొడుకు, బస్టాండులో కలిసిన తల్లినీ ఫ్రేమునూ ఒకే ఆటోలో తెచ్చాడు. ఫ్రేముకు చుట్టిన కాగితాన్ని అత్తగారు అప్పటికే విప్పేసింది.

"ఎప్పుడు గీశారిది?"

"ప్రెస్సులో కంప్యూటర్ కొన్న ఏడు."

"నా జుట్టిలా అవుతుందని అప్పుడే కనిపెట్టారా?"

మామగారు ఓసారి కోడలివైపు చూసి, "ఏదో, అంచనా," అన్నారు.

కోడలు ఉండబట్టలేక జరిగిందంతా చెప్పేసింది. "స్కాన్ చేసి జుట్టు నల్లగా మార్చేస్తా అత్తయ్యా, క్షణం పని."

"వద్దమ్మా. నల్లగా ఉన్నన్నాళ్లూ బాగున్నావని అద్దమే చెప్పేది. తెల్లబడ్డాక ఎవరు గీస్తారు? ఇలాగే ఉండనీ." ఆవిడ ఫ్రేమును తన మంచం ఎదుట గోడకు పెట్టించుకుని, మామగారికి అడక్కుండానే కాఫీ ఇచ్చింది.

మర్నాడు కోడలు ప్రోగ్రాములో మిగతా తప్పులన్నీ దిద్ది, తెలుపు నలుపుల తప్పును మాత్రం మళ్లీ మొదట్లో ఉన్నట్టే పెట్టేసి, పక్కన ఇలా రాసుకుంది: "దిద్దరాదు, అత్తగారి ఉత్తర్వు."