సున్నా కిలోల సంచారి

ఆ శుక్రవారం పొద్దున శివశంకర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్నాపూర్‌లో తొమ్మిదిన్నర బస్సెక్కాలి, పదిన్నరకల్లా పటాన్‌చెరులోని పంపుల ఫ్యాక్టరీకి చేరాలి, పన్నెండులోపు ముప్పై ఏడేళ్ల నింద కడుక్కోవాలి, ఇంటికొచ్చి టమాటా పప్పుతో అన్నం తినాలి. ఇందులో అనుకున్నట్టు జరిగింది పప్పు ఒక్కటే. అది కూడా చల్లారిపోయాక.

నింద పేరు సంచారి. అది మనిషి కాదు, కంప్యూటర్. 1987లో పటాన్‌చెరులోని ఒక చిన్న కంపెనీ తయారుచేసింది. చూడటానికి కుట్టుమిషన్ పెట్టెలా ఉంటుంది. మూత తీస్తే కీబోర్డు, లోపల అరచెయ్యంత తెర, వెనక బ్యాటరీ, పైన పట్టుకోవడానికి పిడి. పిడి ఉంది కాబట్టి పోర్టబుల్. బరువు పద్నాలుగు కిలోలు. ఆ పిడి బిగించింది శివశంకరే. "వెయ్యి అమ్ముడుపోతయ్ సార్, నాదీ గ్యారంటీ" అని యజమానికి నూరిపోసిందీ అతనే. ఒక్కటంటే ఒక్కటి అమ్ముడుపోలేదు. కంపెనీకి తాళం పడింది, ఇరవై రెండు మంది రోడ్డున పడ్డారు. వెళ్లిపోయేటప్పుడు ఎవరూ ముట్టని ఒక సంచారిని శివశంకర్ ఇంటికి మోసుకొచ్చాడు, బ్యాటరీలు మారుస్తూ ఇప్పటిదాకా బతికించుకున్నాడు.

అప్పట్నుంచీ పెళ్లిలో, దావత్‌లో, ఆఖరికి చావు ఇంట్లో కూడా ఎవరో ఒకరు "నీ డబ్బానే ముంచింది గదనే" అంటూనే ఉన్నారు. అందరికంటే గట్టిగా అనేది భార్య తమ్ముడు నర్సింహ. ఆ కంపెనీకి ఉన్న ఒకే ఒక్క సేల్స్‌మన్ అతనే. "ఒక్కటన్న అమ్ముడుపోయి ఉంటే నీ మాట ఒప్పుకుందు బావా" అని అతను, "సరుకు బంగారం, అమ్మెటోనికి చాత కాలే" అని ఇతను. ముప్పై ఏడేళ్లుగా ఇదే పాట.

నర్సింహ ఇప్పుడు పంపుల ఫ్యాక్టరీలో, సరుకుకు బిల్లు కొట్టి బయటికి పంపే డిస్పాచ్ ఆఫీసర్. అక్కడ కొత్తగా చేరిన పిల్లలకు శిక్షణ ఇచ్చే నిషితకు ఈ బావా బామ్మర్దుల గొడవ చెవిన పడింది. మంచి పాఠం దొరికిందనుకుని ఒక కార్యక్రమం పెట్టింది. సంచారి అమ్ముడుపోయి ఉండేదా? నర్సింహ పోయేది కాదని చెప్పాలి, శివశంకర్ పోయేదని చెప్పాలి, చివర్లో నలభై మంది పిల్లలు చేతులెత్తి తేల్చాలి. మూడు రోజులుగా శివశంకర్‌కు కంటి మీద కునుకు లేదు. తన మాట నిజమని ఒక్కసారి, నలుగురిలో, ఎవరైనా అనాలి. అంతే అతనికి కావలసింది.

"తమ్ముడు కార్ల తీస్కపోత అన్నడు గద, ఇయ్యరాదు?" అంది ధనలక్ష్మి.

"కార్ల తీస్కపోతే అది పోర్టబుల్ ఎట్లయితది? చేతుల పట్టుకోని పోతె పోర్టబుల్."

"ఎట్లన్న పో. వచ్చేటప్పుడు మాత్రం దాన్ని ఆడనే ఇడ్సిపెట్టి రా. బియ్యం డ్రమ్ముకు ఇంట్ల జాగ లేదు."

శివశంకర్ విననట్టు నటించి చెప్పులేసుకున్నాడు.

బస్సులో సీటు మీద పెడితే కండక్టర్ ఊరుకోలేదు. ఒళ్లో పెట్టుకున్నాడు. ముత్తంగి రాకముందే రెండు కాళ్లూ మొద్దుబారాయి. పక్కనున్న ముసలమ్మ జాలిగా చూసి, "హార్మోనియమా కొడుకా? ఏడ భజన?" అని అడిగింది. దిగి, ఎండలో కిలోమీటరు నడిచాడు. యాభై అడుగులు కుడి చెయ్యి, యాభై అడుగులు ఎడమ చెయ్యి. చివర్లో యాభై కాస్తా పదిహేనుకు దిగింది. ఫ్యాక్టరీ గేటు చేరేసరికి పదీ ఇరవై.

గేటు దగ్గర సెక్యూరిటీ సనాతన్, ఒడిశా మనిషి, రిజిస్టర్ తెరిచి పెన్ను పట్టుకున్నాడు.

"వజన్ ఎంత అంకుల్?"

తొమ్మిది అంటే పోయేది. కానీ శివశంకర్ ఛాతీ విరిచాడు. "పద్నాలుగు కిలోలు. తయారైన్నాడు గంతే, ఇయ్యాల గంతే."

"దస్ కిలో దాటితే చేతి సామాన్ కాదు అంకుల్. మెటీరియల్ గేట్ పోవాలె, తూకం చీటీ తేవాలె. కాంట చేయించాలె."

"ఏయ్, ఇది పోర్టబుల్!"

"పోర్టబుల్ కూడా కాంట చేయించాలె."

నిషితకు ఫోన్ చేస్తే, "ల్యాప్‌టాప్ అని చెప్పండంకుల్, వదిలేస్తాడు" అంది. సనాతన్ రెండు చేతులతో పెట్టెను లేపి, మళ్లీ కింద పెట్టి, నడుం పట్టుకుని, ఫోన్ అందుకున్నాడు. "మేడం, యే లాప్‌టాప్ నహీ హై" అన్నాడు మర్యాదగా.

మెటీరియల్ గేటు లారీలది. అప్పటికే ఆరు లారీలు లైన్లో ఉన్నాయి. ఇనుప పైపుల లారీకి, ఇసుక లారీకి మధ్య శివశంకర్ తన పెట్టెతో నిలబడ్డాడు. ముందు లారీ కదిలినప్పుడల్లా పెట్టెను కాలితో నాలుగడుగులు తోస్తున్నాడు. వెనక డ్రైవర్ హారన్ కొడుతున్నాడు. పదిన్నర దాటింది, పదకొండు దాటింది. అంతలో నర్సింహ ఫోన్.

"బావా, యాడున్నవ్? నేను షురూ చేస్తున్న."

"ఆగు! నేను రాకుంట ఒక్క ముక్క మాట్లాడినవంటే మంచిగుండదు!"

"ఆగితే పోరగాండ్లు లేసి పోతరు. జల్దీ రా."

శివశంకర్‌కు ఒళ్లంతా చెమటలు. అక్కడ వాడు ఏం కూస్తున్నాడో, ఎంతమంది నవ్వుతున్నారో! లైను వదిలేసి పరుగెత్తుదామా అంటే చేతిలో పద్నాలుగు కిలోలు. వరస వచ్చేసరికి పదకొండూ నలభై.

కాంట గదిలో వీర్రాజు తలెత్తకుండానే, "బండి నంబరు?" అన్నాడు.

"బండి లేదు. ఇదొక్కటే."

వీర్రాజు తలెత్తాడు. కిటికీలోంచి వంగి మరీ చూశాడు. లారీ మొత్తం పట్టే ఇనుప పలక నడిమధ్యలో ఒంటరిగా సంచారి కూర్చుని ఉంది. శివశంకర్ పలక దిగి పక్కకు జరిగాడు. వీర్రాజు మీట నొక్కాడు. చీటీ బయటికొచ్చింది. నికర బరువు: 0 కిలోలు.

"ఇది లారీల కాంట పెద్దాయనా. ఇరవై కిలోల లోపు దీనికి ఆనదు. ఇటియ్యి, చేత్తోటి పద్నాలుగని రాసి సంతకం పెడ్త."

శివశంకర్ చీటీని గుండెకు హత్తుకున్నాడు. ఆ రోజుల్లో ప్రతి ఆఫీసులోనూ ఒకటే మాట, బరువెక్కువ, బరువెక్కువ. ఆ మాటకే కంపెనీ మునిగింది. ఈ రోజు ఫ్యాక్టరీ కాంటే సున్నా అంటుంటే దిద్దించుకోవడానికి అతనికేమైనా పిచ్చా?

"వద్దు! కాంట చెప్పినంక మనిషి దిద్దుడేంది?"

"మళ్ల పరేషాన్ అయితవ్ పెద్దాయనా."

"నా పరేషాన్ నాది. ముద్ర కొట్టు."

వీర్రాజు ముద్ర కొట్టాడు. మొదటి గేటు దగ్గర ఆ చీటీ చూసి సనాతన్ రిజిస్టర్‌లో మెటీరియల్ గడిలో సున్నా వేశాడు. గేటు తెరిచాడు.

హాల్లోకి వెళ్లేసరికి పన్నెండూ ఐదు. నర్సింహ చొక్కా కాలర్ పక్కకు లాగి పిల్లలకు భుజం చూపిస్తున్నాడు. "జహీరాబాద్ నుంచి వరంగల్ దాక నూట నలభై ఆఫీసులు తిరిగిన. సూడుండ్రి, కుడి భుజం ఇప్పటికి కిందికే ఉంటది." పిల్లలు పడీపడీ నవ్వుతున్నారు. శివశంకర్ పెట్టెను టేబుల్ మీద పెట్టి స్విచ్ నొక్కాడు. నిమిషం పాటు ఏమీ కాలేదు. తర్వాత ఆకుపచ్చ అక్షరాలు వెలిగాయి. 'సంచారి సిద్ధం.' హాలంతా చప్పట్లు. కాంట చీటీ చదివి వినిపిస్తే ఇంకా పెద్ద చప్పట్లు.

ముందు వరసలోంచి తనుశ్రీ అనే అమ్మాయి లేచింది. "బ్యాటరీ ఎంతసేపు వస్తది సార్?"

"పదకొండు నిమిషాలు."

నవ్వులు. శివశంకర్ చేయెత్తి ఆపాడు.

"నవ్వుండ్రి, తప్పులేదు. గానీ జెర ఇనుండ్రి. మేము దీన్ని పట్నంల పెద్ద పెద్ద ఆఫీసులల్ల తిప్పినం. టేబులున్నోనికి ఇదెందుకు? టేబుల్ లేనోని కాడికి పోవాల్సుండె. పొలం కొలిచెటోడు, గోదాంల బస్తాలు లెక్కవెట్టెటోడు, మోరీ కాల్వ కట్టించె మేస్త్రీ. అక్కడికక్కడ లెక్క తేలితె, వాడు మళ్ల రానక్కర లేకుండె. గా లెక్కకు పదకొండు నిమిషాలు చాలు. పోయిన జాగ తప్పు పిల్లలూ. సరుకుది కాదు."

నర్సింహ కాలర్ సర్దుకున్నాడు. ఎన్నేళ్లు పోట్లాడుకున్నా ఈ మాట అతను ఎప్పుడూ వినలేదు.

"సరే, అమ్ముడుపోయేది అనుకునేవాళ్లు చేతులెత్తండి" అంది నిషిత. చేతులు లేచాయి. ఒకటి, రెండు, ఏడు దాకా లెక్కపెట్టింది. అప్పుడు భోజనాల సైరన్ మోగింది. శుక్రవారం క్యాంటీన్‌లో చికెన్. ఎనిమిదో చెయ్యి ఓటు కోసం లేచిందో బ్యాగు కోసం లేచిందో దేవుడికే తెలియాలి. అర నిమిషంలో హాలు ఖాళీ. బ్యాటరీ కూడా అయిపోయి తెర ఆరిపోయింది. శివశంకర్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"అన్నం తిని పోదువు బావా" అన్నాడు నర్సింహ.

"నాకొద్దు. నేను పోత."

పోనిస్తే కదా. గేటు దగ్గర సనాతన్ రిజిస్టర్ తిప్పి చూపించాడు. "అందర్ కుచ్ నహీ ఆయా అంకుల్. జీరో. లోపలికి రానిది బయటికి ఎట్ల పోతది? ఇది కంపెనీ మాల్."

"ఇది నాది! పొద్దున నువ్వే చూసినవ్ గదా!"

"చూసిన. రాసింది జీరో."

నర్సింహను పిలిచారు, నిషిత కూడా వచ్చింది, వీర్రాజు వచ్చి "నేను చెప్పిన, ముద్ర పడ్డంక దిద్దరాదు" అని రెండుసార్లు అని వెళ్లిపోయాడు. ఫ్యాక్టరీ గేటు దాటాలంటే మూడే దారులు. వచ్చిన సరుకు వాపసు పోవాలి, లేదా స్క్రాప్‌గా పోవాలి, లేదా అమ్మకమై పోవాలి. వాపసుకు అసలు రానేలేదు.

"స్క్రాప్ కింద రాసేయనా అంకుల్? కాకపోతే సుత్తితో పగలగొట్టి పంపాలి, అది రూల్" అంది నిషిత.

"స్క్రాపా!" శివశంకర్ పెట్టెను రెండు చేతులా వాటేసుకుని గేటు ముందే నేల మీద కూర్చున్నాడు. "ముందుగాల నన్ను కొట్టుండ్రి సుత్తితోటి!"

వెనక బైకులు, కార్లు ఆగిపోయాయి. హారన్లు. నర్సింహ తల గోక్కున్నాడు, బావను చూశాడు, పెట్టెను చూశాడు. చటుక్కున అతని ముఖం మారింది.

"ఇగ ఒక్కటే దారి బావా. కంపెనీ అమ్మాలె, నువ్వు కొనాలె. బిల్లు కొడ్త."

"నాది నేను కొనుడేంది?"

"ఇంటికి తీస్కపోతవా, సుత్తి తెమ్మంటవా?"

డిస్పాచ్ గదిలో నర్సింహ కూర్చుని ఒక్కో అక్షరం కొట్టాడు. సరుకు: పోర్టబుల్ కంప్యూటర్, సంచారి. సంఖ్య: ఒకటి. ధర: వంద రూపాయలు, పన్ను అదనం. అమ్మినవారు అన్న గడి దగ్గర అతని వేళ్లు ఆగాయి. నూట నలభై ఆఫీసులు ఎక్కి దిగి, ఒక్కసారి కూడా నింపని గడి అది. మెల్లగా తన పేరు కొట్టాడు. కాగితం బయటికొచ్చాక కళ్లద్దాలు తీసి చాలాసేపు తుడుచుకున్నాడు.

"అమ్మిన బావా" అన్నాడు. "ఇగ ఒప్పుకుంటున్న. అమ్ముడుపోతది."

శివశంకర్ ఈ మాట కోసం ముప్పై ఏడేళ్లు కాచుక్కూర్చున్నాడు. తీరా వచ్చాక ఏం చెయ్యాలో తోచక, "పన్ను మీద జెర తగ్గియ్యరాదు?" అన్నాడు.

ఇంటికి శివశంకర్ నర్సింహ కార్లోనే వచ్చాడు. ఈసారి పోర్టబుల్ గురించి ఎవరూ మాట్లాడలేదు. ధనలక్ష్మి గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఏమైంది?"

"అమ్ముడుపోయింది!" అన్నాడు శివశంకర్, మొహం వెలిగిపోతూ.

ఆమె మొహం కూడా వెలిగింది. అప్పుడే బియ్యం డ్రమ్ము ఎటు జరపాలా అని చూసుకుంది కూడా. అంతలో అతని చేతిలో పెట్టె కనపడింది.

"మరి గిదేంది?"

"కొన్నోడు ఇంటికి తెచ్చుకున్నడు" అన్నాడు శివశంకర్, బిల్లు చేతికిస్తూ.

ధనలక్ష్మి బిల్లు పైనుంచి కింది దాకా చదివింది. కింద చిన్న అక్షరాల్లో ఉంది: అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు.