లెక్కల్లోని హైడ్రోజన్‌కు భద్రతా అనుమతి

కిటికీలు తెరవాలి. నిప్పార్పే సిలిండరు చేతికందేట్టు పెట్టుకోవాలి. నూలు కోటు తొడుక్కుని, కళ్లజోడు పెట్టుకోవాలి. చుట్టుపక్కల పొయ్యి, దీపం ఉండరాదు. ఇవన్నీ అయ్యాక కంప్యూటరు ఆన్ చేయవచ్చు.

ప్రమాదాన్ని ముందే నివారించడం నాగరికత. ప్రమాదానికి వీలే లేనిచోట నివారించడం మహానాగరికత. సింగపూర్‌లో ఒక పరిశోధనా సంస్థ (పేరు చెప్పడానికీ అనుమతి కావాలి) ఈ రెండో దశకు చేరుకుంది.

అక్కడ ఆమని మెంబ్రేన్ రియాక్టరుకు గణిత నమూనా కడుతోంది. వేడి గొట్టంలో మీథేన్, ఆవిరి కలిస్తే హైడ్రోజన్ పుడుతుంది. పల్చటి లోహపు పొర దాన్నొక్కదాన్నే బయటికి వదులుతుంది. గొట్టం, పొర, హైడ్రోజన్, అన్నీ సమీకరణాలే. నెలాఖరుకు ఫలితాలు చూపకపోతే, వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషైన ఆమని పెట్టె సర్దుకోవాలి.

భద్రతాధికారి పరంధామయ్య ఆ నమూనాకు అనుమతి ఆపేశారు.

"అంకుల్, ఇది లెక్క. గ్యాసు లేదు."

"హైడ్రోజన్ అని నువ్వే రాశావు కదమ్మా?"

"రాస్తే అంటుకుంటుందా? ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది!"

"పేరు పెట్టేశాక సోమలింగానికి ఫైలుండాలి లా," అన్నారాయన, మాట చివర సింగపూర్ తోక తగిలించి. "రేపు ఏదన్నా అయితే నన్నడుగుతారు."

ఆమని ఆదివారం లిటిల్ ఇండియా జనంలో తోసుకుంటూ వెళ్లి నూలు కోటు కుట్టించుకొచ్చింది. గ్యాసు పసిగట్టే యంత్రాన్ని ఆమె తెర ముందు పెట్టారు. మోగలేదు. పాడైందని కొత్తది తెప్పించారు. అదీ మోగకపోయేసరికి, ఇది యంత్రాలకు కూడా అందనంత ప్రమాదకరమైన హైడ్రోజన్ అని తీర్మానించారు.

"నీ లెక్కలో హైడ్రోజన్ పరిమితి దాటుతోంది. కొంచెం తగ్గించు తల్లీ," అన్నారు పరంధామయ్య.

(ఎక్కువ పుట్టడమే మంచి రియాక్టరు లక్షణం. అయితే మంచిచెడ్డలు భద్రతా విభాగం పరిధిలోకి రావు.)

నెలాఖరు ముంచుకొస్తోంది. ఆమని నమూనాలో వేడి తగ్గించింది. ఇంకొంచెం అన్నారు. ఇంకా తగ్గించింది. చివరికి గొట్టం ఆఫీసు ఏసీ చల్లదనానికి దిగింది. హైడ్రోజన్ సున్నా. అనుమతి ఆ పూటే వచ్చింది.

"చూశావా, ఎంత సులువో! మొదట్లోనే ఇలా చేసుంటే మనిద్దరికీ ఈ తిప్పలుండేవా?"

హైడ్రోజన్ పుట్టని హైడ్రోజన్ రియాక్టరును చూసి సమీక్షా సంఘం ఆమని పరిశోధన నిలిపేసింది. అదే వారం భద్రతా విభాగం దాన్ని సంస్థలోకెల్లా సురక్షితమైన రియాక్టరుగా గుర్తించి, గోడకు ఫలకం బిగించింది. అధికారులందరి పేర్లూ పట్టాయి. దాన్ని కట్టిన మనిషి ఇప్పుడు సంస్థలో లేనందున ఆమె పేరుకు అనుమతి రాలేదు.

కాబట్టి పాఠకులకు మనవి: ఆమని అనే పేరు గుర్తుంచుకోండి. ముందు కిటికీలు తెరవండి.