రేవు పాటకు ముగింపు

ఆ ఆదివారం కళ్ళజోళ్ళాయన మూడు పనులు పెట్టుకున్నాడు. గడ్డం గీసుకోవాలి, తెల్లచొక్కా ఇస్త్రీ చేసుకోవాలి, రేవు పాట మీద కూతురి అభిప్రాయం తెలుసుకోవాలి. మొదటి రెండూ ఏడింటికల్లా అయిపోయాయి. మూడోది మూడు నెలలుగా అవుతూనే ఉంది.

ఆ పాట ఒక వీడియో గేమ్‌లోది. అందులో ఒక రేవు, రేవులో ఒక పడవ. ఆడేవాళ్ళు పడవ ఎక్కేదాకా అదే పాట తిరిగి తిరిగి వస్తూ ఉంటుంది. కూతురికి ఏడేళ్ళప్పుడు పది రోజులు జ్వరం వస్తే, తండ్రీ కూతురూ మంచం మీద చేరి ఆ రేవులోనే కూర్చున్నారు. ఇప్పుడా పిల్లకు పదిహేనేళ్ళు. తండ్రి ఏమడిగినా "ఊఁ" అంటుంది. మరీ తప్పకపోతే "బాగుంది" అంటుంది. ఆ నోట ఇంకో ముక్క వినాలన్న ఆశతోనే ఆయన ఆ పాటను పియానోకి అనువుగా రాశాడు. నవ్వేవాళ్ళు నవ్వవచ్చు, ఆయనకు మాత్రం అది నవ్వులాట కాదు. సాయంత్రం నాలుగింటికి లైబ్రరీ హాల్లో పియానో టీచరుగారు దాన్ని వాయించబోతున్నారు.

అభిప్రాయాలు అడగడంలో ఆయనది తన కళ్ళజోళ్ళ దుకాణం పద్ధతి. కళ్ళు పరీక్షించేటప్పుడు అద్దాలు మార్చి మార్చి "మొదటిదా, రెండోదా?" అని అడిగినట్టే, చిన్న కీబోర్డు మీద రెండు రకాలుగా వాయించి ఇంట్లోవాళ్ళని అడిగేవాడు.

"ఎడమచెయ్యి ఇలా ఉండాలా, ఇలానా? మొదటిదా, రెండోదా?"

"రెండోదండీ," అంది భార్య.

"బాగా విని చెప్పు."

"పొయ్యి మీద పాలున్నాయి. రెండోదే."

మొదటిది కొట్టేశాడు. డ్రైవింగ్ నేర్పే బావమరిది వచ్చి, "ఏంటి బావా, రెండో గేరులోనే లాగుతున్నావు? కాస్త తొక్కు!" అన్నాడు. వేగం పెంచాడు. అత్తగారు కళ్ళు మూసుకుని అంతా విని, "బానే ఉంది బాబూ, కానీ అయిపోయిందని నాకెలా తెలియాలి?" అంది. పదహారు దెబ్బలతో హోరెత్తిపోయే ముగింపు ఒకటి తగిలించాడు. ఆ తర్వాత అయిపోయిందన్న సంగతి పక్కింటివాళ్ళకి కూడా తెలిసింది.

ఉదయం ఆ ముగింపే కూతురికి వినిపించాడు. చెప్పులు వేసుకుంటూ "ఊఁ" అంది. గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది.

"అది అక్కడ ఆగదు నాన్నా. అసలు ఆ గేమ్‌లో..."

ఊఁ కాదు, బాగుంది కాదు, నిఖార్సయిన విమర్శ! మనిషి నేల మీద నిలవలేదు. మిగతాది వినకుండానే లోపలికి పరిగెత్తి, ముగింపు పేజీ చించేసి, దాని బదులు మళ్ళీ మొదటికి వెళ్ళమని చెప్పే రెండు చుక్కల గుర్తు పెట్టాడు. పిల్ల కాసేపు గుమ్మంలో నిలబడి, ఎవరూ రాకపోయేసరికి వెళ్ళిపోయింది. తొమ్మిదింటికల్లా ఆ పాటకు అంతం లేకుండా పోయింది.

టీచరుగారి సంగతి తెలిసినవాడైతే ఆ పని చేసేవాడు కాదు. అరవయ్యేళ్ళావిడకి ముప్ఫై ఏళ్ళుగా ఒకటే నియమం. "కాగితం మీద ఉన్నది వదలను, లేనిది కలపను. పక్కన నిలబడి నోటితో చెప్పే పాట నాకొద్దు." మూడున్నరకి ఆయన కొత్త పేజీ అందిస్తూ, "ఇది ఒక రెండుసార్లు తిప్పి..." అనబోతే, ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టింది. రెండుసార్లు వాయించాక ఎవరైనా ఆపుతారు కదా అనుకున్నాడాయన.

హాల్లో నలభై కుర్చీలు, కుర్చీకో పెన్సిలు, "మీ అభిప్రాయం" అని కత్తిరించిన అట్టముక్క ఒకటి. అన్నీ ఆయన ఏర్పాటే. మొదటిసారి పాట చక్కగా సాగింది. రెండోసారి ఆయన కళ్ళు చెమర్చాయి. మూడోసారి నిటారుగా కూర్చున్నాడు. నాలుగోసారికి కొంప మునిగిందని అర్థమైంది.

బావమరిది ధైర్యం చేసి చప్పట్లు కొట్టాడు. ముందు వరుసలో ఒకావిడ తిరిగి కొరకొరా చూసింది. దాంతో హాలంతా ఇదేదో గొప్ప విషయమని తీర్మానించుకుంది. అందరూ వెన్ను నిలిపి గంభీరంగా కూర్చున్నారు.

"ఏమండీ, ఏదో ఒకటి చెయ్యండి," అంది భార్య చెవిలో.

"మధ్యలో మాట్లాడితే ఆవిడ మళ్ళీ మొదటినుంచి మొదలుపెడుతుందే!"

"ఇప్పుడు వాయిస్తున్నదీ మొదటినుంచే కదండీ!"

ఆయన అట్టముక్క మీద "దయచేసి ఆపండి" అని రాసి ముందుకి అందించాడు. ముందు కుర్చీలో ఆయన అభిప్రాయాలు వసూలు చేస్తున్నారనుకుని తనది దాని మీద పెట్టాడు. ఆయన ముందావిడా అంతే. వరుసలు దాటి పియానో చేరేసరికి అదొక కట్ట అయింది. అన్నిటికంటే పైన ఉన్న అట్ట మీద "చాలా బాగుంది, ఇంకా వినాలనిపిస్తోంది" అని ఉంది. టీచరుగారు ఓరగా చూసి, తల పంకించి, ఏడోసారి ఎత్తుకుంది. హాలు ఐదింటికి మూసెయ్యాలని లైబ్రరీ ఆయన తాళాలగుత్తితో గుమ్మంలోకి వచ్చాడు. లోపలి గాంభీర్యం చూసి గుత్తి జేబులో వేసుకుని ఆయన కూడా కూర్చున్నాడు.

తొమ్మిదోసారికి ఆవిడ నుదుటి మీద చెమట కనిపించింది. మణికట్టు బిగుసుకుపోయి కుడిచెయ్యి తడబడుతోంది. కూతురి మెప్పు కోసం ఒక పెద్దావిడని ఇలా కాల్చుకు తింటున్నానా అని కళ్ళజోళ్ళాయన సిగ్గుతో చచ్చిపోయాడు. ఇక తనే ఆపాలని లేవబోయాడు.

ఆయనకంటే ముందే చివరి వరుసలోంచి కూతురు లేచింది. తాపీగా నడిచి వెళ్ళి, పెన్సిలు తీసుకుని కాగితం మీదికి వంగింది. రెండు చుక్కల గుర్తు కొట్టేసి, పక్కన రెండు స్వరాలు రాసి, ఒక ముగింపు గీత గీసింది. టీచరుగారు కళ్ళజోడు సవరించుకుని చదివింది. పాట చివరికి వచ్చి, ఆ రెండు స్వరాలూ మంద్రంలో, నిదానంగా వాయించి, చేతులు ఒళ్ళో పెట్టుకుంది. హాలు లేచి నిలబడింది.

భార్యా బావమరిదీ టీచరుగారిని రిక్షా ఎక్కించడానికి వెళ్ళారు. తండ్రీ కూతురూ ఇంటికి నడక మొదలుపెట్టారు.

"ఆ రెండు స్వరాలేంటి తల్లీ?"

"పడవ కూత. ఎక్కగానే కూస్తుంది, పాట ఆగుతుంది. పొద్దున చెప్పబోయింది అదే. నువ్వు వింటేగా?"

"నేనెప్పుడూ వినలేదే ఆ కూత!"

"ఎలా వింటావు? నేను ఎక్కుదామన్నప్పుడల్లా 'ఇంకొక్కసారి విందాం తల్లీ' అని కూర్చోబెట్టేవాడివి. జ్వరం తగ్గాక నువ్వు దుకాణానికి వెళ్ళినప్పుడు ఒక్కదాన్నే ఎక్కేశాను."

ఆయనకి గుండె చివుక్కుమంది.

"అవతల ఏముంది?"

"మిగతా గేమంతా అవతలే ఉంది నాన్నా."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "మరి పాట ఎలా ఉంది? మొదటిసారి వాయించిందా, రెండో..."

"అబ్బా, అలా అడక్కు! ఉన్నదున్నట్టు చెప్పనా?"

"చెప్పు."

"ఎడమచెయ్యి మరీ బరువు. పడవ కోసం కూర్చున్నవాళ్ళకి అంత తొందరేంటి? మధ్యలో నీళ్ళ చప్పుడు ఉండాలి, అది ఎగరగొట్టేశావు..." అంటూ వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టసాగింది. ఒక చేతి వేళ్ళు చాల్లేదు.

పదకొండో తప్పు దగ్గర ఇల్లు కనిపించింది. కళ్ళజోళ్ళాయన పక్క వీధిలోకి తిరిగాడు.